రక్తనాళం వదులు కాకపోతే ఎక్కడ చూడాలి?

ప్రశ్న: ఎం.ఫార్మసీ ప్రాజెక్టు కోసం ఎలుక బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) నుంచి కోసిన రింగులతో పని చేస్తున్నాను. నాళాన్ని బిగించే ఫినైలెఫ్రిన్ మందు వేస్తే రింగు చక్కగా బిగుసుకుంటోంది. ఆపైన ఎసిటైల్‌కోలిన్ వేస్తే వదులు కావడం లేదు. రింగుని ముంచి ఉంచే క్రెబ్స్ ద్రావణం (లవణాలు, గ్లూకోజు కలిపిన నీళ్లు) కూడా ఒక్కోసారి పాలలా తెల్లబడుతోంది. తప్పెక్కడ?
– విద్యార్థిని, భీమవరం

జవాబు: ముందు ఒక్క పని చేసి చూడండమ్మా. బిగుసుకుని ఉన్న ఆ రింగుకే సోడియం నైట్రోప్రుసైడ్ (కండరాన్ని తిన్నగా వదులు చేసే మందు) వెయ్యండి. వదులైతే కండరం బాగున్నట్టే. పోయింది లోపలి పొర, అంటే ఎండోథీలియం. ముంజె మీది పొరకంటే ఎన్నో రెట్లు పలచన, ఒక్క కణం మందం. ఎసిటైల్‌కోలిన్ కండరాన్ని తిన్నగా వదులు చెయ్యదు. ఈ పొర చేత నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేయిస్తుంది, కండరాన్ని వదులు చేసేది అదే. పొర లేకపోతే కబురు అందదు.

ఆ పొర ఎక్కువగా మన చేతుల్లోనే పోతుంది. పట్టకారుతో నాళం గోడని పట్టుకుంటాం, కొవ్వు ఒలిచేటప్పుడు సాగదీస్తాం, రింగుని వేలాడదీసే తీగ దూర్చేటప్పుడు గీరేస్తాం. పట్టుకుంటే చుట్టూ ఉన్న కొవ్వునే పట్టుకోండి. రింగు 2–3 మి.మీ. ఉండాలి, తీగ మెల్లగా ఒక్కసారే దూరాలి, నాళం ఎప్పుడూ ఆరకూడదు. టెన్షన్ (రింగుని లాగి ఉంచే బరువు) 1.5–2 గ్రాములు పెట్టి గంటసేపు ఉంచండి, 15 నిమిషాలకోసారి ద్రావణం మార్చండి. మామూలుగా ఫినైలెఫ్రిన్ బిగింపులో 80 శాతమైనా ఎసిటైల్‌కోలిన్‌తో వదులైన రింగునే పొర ఉన్నదిగా లెక్కిస్తారు. ఆ ఎసిటైల్‌కోలిన్ ఏ రోజుది ఆ రోజే కలుపుకోండి, నిలవుంటే విరిగిపోతుంది.

ఇక ద్రావణం తెల్లబడడం. లీటరుకి సోడియం క్లోరైడ్ 6.9 గ్రా., పొటాషియం క్లోరైడ్ 0.35, మెగ్నీషియం సల్ఫేట్ (ఏడు నీటి అణువులది) 0.29, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.16, సోడియం బైకార్బనేట్ 2.1, గ్లూకోజు 2 గ్రా. ఇవన్నీ కరిగాక 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గ్యాసు పదిహేను నిమిషాలైనా బుడగలాడించాలి. ఆ తరవాతే కాల్షియం క్లోరైడ్ (రెండు నీటి అణువులది) 0.37 గ్రా. విడిగా నీళ్లలో కరిగించి, కలుపుతూ పొయ్యాలి. గ్యాసు లేకుండా పోస్తే పి.హెచ్. పెరిగి, కాల్షియం కాస్తా కార్బనేటు, ఫాస్ఫేటుగా పేరుకుంటుంది. నీళ్లు డబుల్ డిస్టిల్డ్ అయితేనే వాడండి. మన డెల్టాలో, అందులోనూ సముద్రం దగ్గర, బోరు నీళ్ల సంగతి మీకు తెలిసిందే. కరెంటు పోయి బాత్ (రింగు ముంచిన ద్రావణపు పాత్ర) 37 డిగ్రీల నుంచి చల్లబడితే ఆ రీడింగు కొట్టెయ్యండి, దయచేసి సర్దుబాటు చెయ్యొద్దు.

ప్రశ్న: గుండె, మెదడు రక్తనాళాల మందుల మీద పరిశోధించిన ఒక శాస్త్రవేత్తకి మా ఊళ్లో సన్మానం. పరిచయం చెయ్యాల్సింది నేను. ఇచ్చిన కాగితంలో పత్రాల సంఖ్య, హెచ్-ఇండెక్స్ ఉన్నాయి. ఏం చూసి చెప్పను?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, పాలకొల్లు

జవాబు: మాస్టారూ, హెచ్-ఇండెక్స్ 40 అంటే కనీసం 40 పత్రాల్ని ఒక్కోదాన్ని 40 సార్లయినా ఇతరులు ఉదహరించారని. వయసుతో పెరిగే లెక్క అది, దాన్నిబట్టి పని తెలియదు. పత్రాల్ని మూడు కుప్పలు వెయ్యండి: రింగుల మీద, జంతువుల మీద, రోగుల మీద. మెదడు చుట్టూ రక్తస్రావమైనప్పుడు నాళాలు ముడుచుకుంటాయి. క్లాజోసెంటాన్ అనే మందు ఆ ముడుపుని ఎక్స్‌రే ఫిల్మ్ మీద తగ్గించింది. తీరా 2011లో వెలువడిన పెద్ద పరీక్షలో రోగులు కోలుకోవడంలో తేడా కనబడలేదు. నిమోడిపిన్ అనే మరో మందు నాళాన్ని ఫిల్మ్ మీద పెద్దగా తెరవకపోయినా రోగికి మేలు చేస్తోంది. ఏ కుప్పలోని ఫలితమో చెప్పకుండా పొగిడితే సభని తప్పుదారి పట్టించినట్టే.

అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్ 1953లో కుందేలు నాళపు పట్టీల మీద ఎసిటైల్‌కోలిన్ బిగిస్తుందని రాశారు. తరవాత రింగుల్లో అది వదులు చేసింది. పట్టీలు కోసేటప్పుడు లోపలి పొర రాసుకుపోయిందని గుర్తించి, 1980లో తోటి పరిశోధకుడు జవాడ్జ్కీతో కలిసి ప్రకటించారు. 1998లో నోబెల్ వచ్చింది. తన పాత ఫలితానికి తనే కారణం వెతుక్కోవడం నా దృష్టిలో ఏ సంఖ్యకన్నా పెద్దది. మీ అతిథినీ అదే అడగండి: మీ ఫలితాల్లో మీరే సరిదిద్దుకున్నది ఏదని. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు తోటి పరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1925లో ఇచ్చిన ఫాస్ఫరస్ కొలత లాంటి పద్ధతి ఏదైనా ఉంటే దాన్ని ముందు చెప్పండి.

ప్రశ్న: గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకుంటే తలనొప్పి వస్తోంది. మానెయ్యనా?
– పాఠకుడు, రాజోలు

జవాబు: మీ అంతట మీరు మానొద్దండి. ఆ మాత్ర నుంచి ఒంట్లో పుట్టే నైట్రిక్ ఆక్సైడ్ తల నాళాల్నీ వదులు చేస్తుంది, నొప్పి అందుకే. బి.పి. పడిపోవచ్చు, కూర్చునే పెట్టుకోండి. మగవారి లైంగిక సమస్యకి వాడే సిల్డెనాఫిల్ (వయాగ్రా) వేసుకుని 24 గంటలు, అలాంటిదే టడలాఫిల్ అయితే 48 గంటలు గడవకుండా ఈ మాత్ర ముట్టొద్దు. ఐదు నిమిషాల్లో గుండెనొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యండి.