ఫిజీలో టిప్పు వెనక్కి ఇచ్చారంటే

మీరు టిప్పుగా ఇచ్చిన డాలర్లను వెయిటరు తిరిగి ఇచ్చేశారంటే, అవి తక్కువయ్యాయని కాదు. ఫిజీలో ఒక్కరి చేతిలో టిప్పు పెట్టే ఆనవాయితీ లేదు.

1. రిసార్టులో: సిబ్బంది క్రిస్మస్ నిధి పెట్టె ఉందేమో రిసెప్షన్‌లో అడిగి, మీరు గది ఖాళీ చేసే రోజు టిప్పు అందులో వేయండి. వంటగదిలోనూ తోటలోనూ పనిచేసేవారికి కూడా అందుతుంది. నాకు ఇదే న్యాయమనిపిస్తుంది.

2. టాక్సీ, భోజనం: బిల్లు ఎంతో అంతే.

3. పల్లె చూడటానికి వెళ్తే: చాలామంది మరచిపోయేది ఇక్కడే. డబ్బు కవరు వద్దు, కావా (వేళ్లతో పానీయం చేసే మొక్క) వేళ్ల కట్ట తీసుకెళ్లండి. నాండి, సువా మార్కెట్లలో దొరుకుతుంది. అర కిలో చాలు. పొడి కాకుండా వేళ్లే కొనండి. ఊరు చూడటానికి, ఫొటోలు తీయడానికి ముందే గైడు వెంట ఊరి పెద్ద దగ్గరికి వెళ్లి, కూర్చుని, కట్టను ఆయన ముందు ఉంచాలి. దీన్ని సేవుసేవు అంటారు. అది స్వీకరించారంటే మీరు వారి అతిథి. టోపీ, నల్లకళ్లద్దాలు తీసేయండి, భుజాలు, మోకాళ్లు కప్పుకోండి.

కొన్ని టూర్లలో కావా వారే తెస్తారు. కొనే ముందు ఒకసారి అడగండి.