పాకే పిల్ల ఉన్న ఇంట్ల పురుగుల మందు ఆఖరి మాట

బిడ్డా,

హన్మకొండల కొత్తింట్ల కిరాయికి దిగి నెల గాకముందే బొద్దింకలతోని వేగలేకపోతున్నవు, ఏ స్ప్రే మంచిదో పేరు చెప్పమని అడిగినవు. చెప్త. కానీ ముందుగాల ఒక మాట విను. ఇంట్ల పాకే పిల్ల ఉంది. స్ప్రే కొట్టిన బండల మీదనే చేతులు పెట్టి పాకుతది, అవే చేతులు చప్పరిస్తది. అందుకని మీ ఇంట్ల తడి ఆరబెట్టుడు, సందులు మూసుడు, తిండి మీద మూత పెట్టుడు ముందు. మందు ఆఖరికి. ఇన్నేండ్లు కిరాణా దుకాణంల బియ్యం బస్తాల నడుమ, బెల్లం డబ్బాల నడుమ కూసున్న దాన్ని, ఊరికెనే అంటలేను.

నువ్వు ఫోటో పంపిన బొద్దింక చిన్నది, గోధుమ రంగుది, మెడ మీద రెండు నల్ల గీతలున్నయి. దాన్ని జర్మన్ బొద్దింక అంటరు. అది మోరీలకెళ్లి వచ్చేది కాదు, వంటింట్లనే పుట్టి వంటింట్లనే పెరిగే జాతి. అట్టడబ్బాలల్లనో, పాత ఫ్రిజ్‌లనో కూసోని సామానుతోని పాటే వస్తది. ఎర్రగ, పెద్దగ ఉండేవి వేరే. మోరీలల్ల బతికేవి అవి. 2023 జూలై వానలకు మీ దిక్కు నాలాలు పొంగినయి చూడు, అట్ల మోరీలు నిండినప్పుడే అవి ఇండ్లల్లకు ఎక్కుతయి. వాటికి బాత్రూం జాలీ మీద రాత్రిపూట బరువు మూత పెడితే సగం పీడ పోతది. చిన్నవాటితోనే కష్టం. ఆడది గుడ్ల సంచిని వెనుక అంటించుకోనే తిరుగుతది, ఒక్క సంచిల 30, 40 గుడ్లుంటయి. స్ప్రే కొడితే కండ్లకు కనబడ్డవి చస్తయి, మిగిలినయి పక్క అర్రలకు ఉరుకుతయి.

ఒక రాత్రి అందరు పండుకున్నంక, పదకొండింటికి వంటింట్ల లైటు ఠక్కున వేసి చూడు. ఎటు ఉరుకుతున్నయో ఆ జాగనే వాటి ఇల్లు. ఫ్రిజ్ వెనుక మోటరు కాడ, మిక్సీ అడుగున, స్టవ్ కింద, కప్‌బోర్డు తలుపు మడిచే కబ్జాల సందులల్ల. ఇవి తిండి లేకున్నా చాన దినాలు ఉంటయి, నీళ్లు లేకుంటే మాత్రం రెండు వారాలు కూడ కష్టమే. అందుకే పండుకునే ముందు సింకును పొడిబట్టతోని తుడువు. మసిగుడ్డ, పీచు పిండి బయట ఆరెయ్యి. సింకు కింద పైపు కారుతుంటే ప్లంబర్‌ను రేపే పిలువు. ఫ్రిజ్ వెనుక నీళ్లు పడే ట్రే ఒకటుంటది, చానమందికి అది ఉన్నదనే తెల్వది, అండ్ల నీళ్లు పారబొయ్యి. ఎంగిలి బోళ్లు రాత్రే తోముకోవాలె. నీకు చాతగాకుంటే అల్లుడు తోముతడు, చేతులేం అరిగిపోవు.

గిది వారం చేసినంక జెల్లు తెచ్చుకో. నువ్వడిగిన పేరు ఇదే. సిరంజి లెక్క వస్తది, మీద ఫిప్రోనిల్ అనో ఇమిడాక్లోప్రిడ్ అనో రాసి ఉంటది. కందిగింజంత చుక్క, అంతే. కబ్జాల కాడ, ఫ్రిజ్ వెనుక, సింకు కింద పై మూలకు, పిల్ల చెయ్యి అందని జాగల పెట్టు. తిన్నది గూట్లకు పోయి చస్తది, దాని రెట్ట, దాని శవం తిని మిగిలినయి చస్తయి. జెల్లు పెట్టిన కాడ స్ప్రే కొట్టకు, ఫినాయిల్ తుడువకు, ఆ వాసనకు అవి మూతి పెట్టవు. పాత గుడ్లల్లకెళ్లి కొత్తవి వస్తయి కాబట్టి రెండు మూడు వారాలకు మళ్లొకసారి పెట్టు.

ఇగ ఎలుకలు. చుంచుకు పెన్సిల్ దూరేంత సందు చాలు. గ్యాస్ పైపు వచ్చే బొక్క, సింకు పైపు గోడలకు పోయే బొక్క, వెనుక దర్వాజ కిందిసందు ఈ మూడూ చూడు. బొక్కలల్ల బోళ్లు తోమే స్టీలు పీచు గట్టిగ కూరి, మీదికెళ్లి సిమెంటు పెట్టించు, స్టీలును కొరకలేవు. దర్వాజకు కింద రేకు పట్టీ కొట్టించు. బోను గోడనానుకోని పెట్టాలె, నడి ఇంట్ల కాదు. ఎలుక గోడ అంచు పట్టుకోనే నడుస్తది. కాల్చిన కొబ్బరి ముక్క మంచిగ పనిచేస్తది. రెట్టలు కనబడితే పొడిగ ఊడ్వకు. బ్లీచింగ్ నీళ్లు చల్లి కొద్దిసేపు ఆగి, చేతులకు కవర్లు తొడుక్కోని ఎత్తు.

పక్కింటామె ఎలుకల మందు ట్యూబు ఇచ్చిందన్నవు. దాన్ని ఈ పూటనే ఇంట్లకెళ్లి తీసెయ్యి. ఆ పేస్టుల పసుపుపచ్చ భాస్వరం ఉంటది, దానికి విరుగుడు మందు లేదు. నోట్ల పడ్డంక ఒకటి రెండొద్దులు మనిషి మంచిగనే ఉన్నట్టు కనబడి, తర్వాత కాలేయం పాడైతది. ఎవరి నోట్లనన్న పడ్డదని అనుమానమొస్తే, మంచిగనే ఉన్నడు కద అని ఆగకుండ ఎంజీఎం దవాఖానకు ఉరకాలె, ట్యూబు చేతుల పట్టుకోని పోవాలె. బియ్యం బస్తాలల్ల పెట్టే సల్ఫాస్ గోలీలు అంతకన్నా చెడ్డయి. తేమ తగిలితే విషవాయువు వస్తది, మూసిన ఇంట్ల పండుకున్నోళ్లు పండుకున్నట్టే పోతరు. నా దుకాణంల వాటిని ఎన్నడు అడుగు పెట్టనియ్యలే.

బియ్యం సంగతి అంటవా, ముక్కు పురుగు బయటికెళ్లి వచ్చి పడదు. ఆడది గింజకు బొక్క పెట్టి లోపల గుడ్డు పెట్టి మూస్తది, పిల్ల లోపలనే తిని పెరిగి, నెల దినాలకు బయటికొస్తది. పురుగులేని బియ్యమే కొన్నం, డబ్బాల ఎట్ల పుట్టినయి అంటరు చూడు, గిందుకే. నడి ఎండల పెడితే గింజ పగిలి నూకయితది. పొద్దటి ఎండల చాప మీద పల్చగ పోసి, పురుగులు పక్కకు నడిచిపోయినంక చెరిగి, నీడల చల్లారినంకనే డబ్బాకెత్తు. వేడిగ మూస్తే లోపల చెమ్మ పడ్తది. ఎండిన వేపాకు వెయ్యి, పచ్చిది వెయ్యకు. కందిపప్పుకు, పెసలకు చారెడు ఆముదం రెండు చేతులతోని పట్టించు. గింజ మీద గుడ్డు నిలువది. వండేముందు కడుక్కుంటే వాసన పోతది. రవ్వ, శనగపిండి కొద్దిగనే ఉంటే నాలుగొద్దులు డీప్ ఫ్రిజ్‌ల పెట్టి తియ్యి. పాత బియ్యం అడుగున ఉండంగ కొత్తవి మీదికెళ్లి పొయ్యకు, డబ్బా కడిగి ఆరబెట్టినంకనే పొయ్యి.

దోమలకు రెండే మాటలు. డెంగీ దోమ పగటిపూట కుడ్తది, మంచినీళ్లల్ల గుడ్లు పెడ్తది. గోలెం నీళ్లు పారబోస్తే సరిపోదు, గోడలకు అంటుకున్న గుడ్లు ఎండినా నెలలకొద్ది బతుకుతయి. అందుకే లోపల పీచుతోని రుద్దాలె, వారానికొకసారి. కూలరు, పూలకుండీల కింది పళ్లాలు కూడ. మలేరియాను మోసేది దోమ అని రోనాల్డ్ రాస్ 1897ల తేల్చింది మన సికింద్రాబాద్‌లనే, మనమేమో ఇంక కూలరు నీళ్లు పారబొయ్య బద్ధకిస్తం. పిల్లకు దోమతెర కట్టు. మూసిన అర్రల కాయిల్ ముట్టియ్యకు.

పిల్ల బట్టలల్ల డాంబర్ గోలీలు కూడ వద్దు. కొంతమంది పిల్లలకు పుట్టుకతోనే ఒక లోపముంటది, ఆ వాసన పట్టిన బట్టలు తొడిగితే నెత్తురు విరిగి కామెర్లయితయి. ఎండిన వేపాకు గుడ్డల కట్టి పెట్టు.

వెనుక అర్ర దర్వాజ చౌకటు మీద మట్టి గీత కనబడ్తుందన్నవు కద, అది చెద. గీతను నడుమ ఇంచు మందం గీకి వదిలెయ్యి. రెండు మూడొద్దులకు మళ్ల కట్టుకుంటే లోపల జీవముందన్నట్టు. కిరసనాయిలు పోస్తే పైనున్నయే చస్తయి, గూడు భూమిలుంటది. నేల అంచు పొడుగూత బొక్కలు కొట్టి మందు పోసుడు ఇంటి ఓనర్ పని, ఖర్చు కూడ ఆయననే అడుగు. గీకకముందే ఫోటో తీసి వాట్సాప్‌ల పంపు, రేపు అడ్వాన్సుల కోత పెట్టకుండ. మందు పోసే రోజు చెప్తే పిల్లను తీస్కోని నాలుగొద్దులు పరకాలకు రా. అల్లుణ్ని మాత్రం అక్కడనే ఉండమను, వాళ్లు మందుల నీళ్లెన్ని కలుపుతున్నరో పక్కనుండి చూడాలె.

మీ పెద్దమ్మ