ఊరి అడవిలో ఆయిల్ బావి: చెట్లు కొట్టిన తేదీ రాసి పెట్టుకున్నారా?

ప్రశ్న: మేం గుంటూరులో ఉంటాం. కృష్ణా తీరంలోని మా సొంతూళ్లో తాతల కాలం నుంచి అందరూ పశువులు మేపుకునే ఉమ్మడి అడవి ఉంది. గత సెప్టెంబరులో ఒక చమురు కంపెనీ వాళ్లు వైర్లు పరిచి, గుంతల్లో మందు పేల్చి సర్వే చేశారు. ఇళ్ల గోడలు బీటలు వారితే మేమే పూడ్పించుకున్నాం. సంక్రాంతి తర్వాత బావి తవ్వడానికని చెట్లు కొట్టి రోడ్డు వేశారు. ప్రజాభిప్రాయ సేకరణ పెట్టలేదు. కలెక్టర్ గారికి రెండుసార్లు అర్జీ ఇచ్చాం. అడవి గ్రామదేవతదని పాత తేదీతో పంచాయతీ తీర్మానం రాయించి గుంటూరు కోర్టులో స్టే తెద్దామంటున్నారు పెదనాన్న. టెన్షన్‌తో అమ్మకు నిద్ర లేదు. హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేత ఆపినట్టు ఇక్కడా ఆపించలేమా?

జవాబు: ఇంత రాశారు గానీ నాకు కావలసిన రెండూ రాయలేదు. ఆ సర్వే నంబరుకు రెవెన్యూ రికార్డులో ఏమని ఉంది? చెట్లు ఏ తేదీన కొట్టారు? "సంక్రాంతి తర్వాత" అంటే ట్రిబ్యునల్‌లో చెల్లదు.

పర్యావరణ వివాదాలు వినేది జాతీయ హరిత ట్రిబ్యునల్. మన రాష్ట్రం చెన్నై బెంచి కిందికి వస్తుంది. 2010 నాటి హరిత ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం వివాదానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలల్లో దరఖాస్తు వేయాలి. సరైన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు, అంతే. కలెక్టర్‌కు అర్జీలిస్తే ఆ గడువు ఆగదు. ఇది తెలియక ఎన్ని ఊళ్లు మంచి కేసులు పోగొట్టుకున్నాయో!

సెప్టెంబరు సర్వే నుంచే గడువు లెక్కించాలని కంపెనీ వాదిస్తుంది. అలా లెక్కిస్తే, ఆ 60 రోజులు కలిపినా మీ పని మే నెలతోనే అయిపోయింది. అయితే అడవిలో అటవీయేతర పనికి కేంద్రం అనుమతి కావాలనే అటవీ సంరక్షణ చట్టానికి 2023లో తెచ్చిన సవరణ మీకిక్కడ పనికొస్తుంది. భూకంపన సర్వేతో సహా అన్వేషణను, కేంద్రం పెట్టే షరతులకు లోబడి, అటవీయేతర పనిగా చూడకుండా వదిలేయవచ్చని అందులో ఉంది. అందరూ తిట్టుకునే సవరణే అది. కానీ సర్వే తప్పు కాకపోతే వివాదానికి కారణం ఆ రోజు పుట్టలేదనేగా? చెట్లు కొట్టిన రోజే పుట్టిందని మీరు వాదించవచ్చు. అది జనవరి 20 అనుకుంటే జులై 20 దాకా సమయం ఉంది. అయితే బావి, రోడ్డు కూడా అన్వేషణలో భాగమేనని వాళ్లంటారు. అందుకే కేంద్రం ఉత్తర్వులోని షరతుల కాపీ మీ చేతిలో ఉండాలి.

తహసీల్దారు కార్యాలయంలో డైగ్లాట్ (పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు), అడంగల్, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. 1980 అక్టోబరు 25న గానీ ఆ తర్వాత గానీ ప్రభుత్వ రికార్డులో అడవి అని ఉంటే అటవీ సంరక్షణ చట్టం నేరుగా వర్తిస్తుంది. మేత పోరంబోకు, తోపు పోరంబోకు అని ఉన్నా నిరాశ పడకండి. నిఘంటువు అర్థంలో అడవి అయితే చాలని 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నిర్వచనాన్నే పాటిస్తూ ఉండాలని 2024 ఫిబ్రవరి 19న మధ్యంతర ఉత్తర్వు కూడా ఇచ్చింది.

ప్రజాభిప్రాయ సేకరణ వాదన పక్కన పెట్టండి. పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్‌కు 2020 జనవరిలో చేసిన సవరణతో చమురు అన్వేషణను బీ2 కేటగిరీలోకి మార్చారు, దానికి సేకరణ అక్కర్లేదు. పర్యావరణ అనుమతి మాత్రం కావాలి. అది ఉందా, చెట్లు కొట్టడానికి అటవీ శాఖ అనుమతి ఉందా అని సమాచార హక్కు కింద అడగండి. జవాబుకు 30 రోజులు పడుతుంది. దానికోసం దరఖాస్తు ఆపుకోవద్దు. ఈ అనుమతుల వివరాలుండే కేంద్రం వారి పరివేష్ పోర్టల్‌లో ఈ రాత్రే వెతకవచ్చు.

ఇక పెదనాన్న గారి తీర్మానం. ఆ కాగితం మీద ఎవరూ సంతకం పెట్టకండి. పాత తేదీ వేయడం ఫోర్జరీ, భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ కింద నేరం. పైగా దేవుడి భూమి అని మీరే రాసిస్తే, అడవి కాదని ఒప్పుకున్నారుగా అని కంపెనీ లాయరు మీ కాగితమే మీ మీదికి తెస్తాడు. సివిల్ కోర్టు స్టే కూడా వృథా. ట్రిబ్యునల్ తేల్చాల్సిన వివాదాల్లో సివిల్ కోర్టులు ఇంజంక్షన్ ఇవ్వకూడదని హరిత ట్రిబ్యునల్ చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. కంచ గచ్చిబౌలిలో 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కలగజేసుకుంది. మీ ఊరికీ అలా జరుగుతుందని కూర్చోవద్దు.

గోడల బీటలను ఫోటో అయినా తీయకుండా పూడ్పించుకోవడం ఏం పని? నష్టపరిహారానికి హరిత ట్రిబ్యునల్ చట్టం 15వ సెక్షన్ కింద ఐదేళ్ల గడువుంది, కాబట్టి అడగవచ్చు. కానీ రుజువు మీరే చెరిపేసుకున్నారు. మేస్త్రీ బిల్లు, పూడ్చకుండా మిగిలిన ఇళ్లుంటే ఇంజనీరు రిపోర్టు సంపాదించండి. చెట్లు కొట్టే వీడియోలు వాట్సాప్‌లో తిరిగినవి కాదు, తీసిన ఫోనులోని అసలు ఫైలు కావాలి. ఆ ఫోను అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో వేయవచ్చు. పరిహారం అడగకపోతే ఫీజు వెయ్యి రూపాయలు. చెట్లు కొట్టడం కళ్లారా చూసిన ఇద్దరు ముగ్గురి పేర్లతోనే వేయండి, పెదనాన్న గారు ఆ రోజు ఊళ్లో లేకపోతే ఆయన పేరు వద్దు.