పాప మెదడు స్కాన్ మాత్రమే సరిపోదు, తల్లి నోరు కూడా చూపించండి

అంగిలి చీలి, వేళ్లు అతుక్కుని పుట్టిన పాపకు మెదడు ఎంఆర్ఐ ఎందుకు రాశారు, డబ్బు గుంజడానికేనా అని మీరు అడిగారు. కానే కాదు. మా అమ్మాయికి ఎనిమిది నెలల వయసులో తీయించాము. నాలుక మూడు తమ్మెలుగా చీలి, పెదవిని చిగురుకు కట్టేసినట్టు తాళ్లలాంటి పొరలతో, ఎడమచేతి రెండు వేళ్లు కలిసిపోయి పుట్టిన ఆ పిల్లను చూసి, తల్లి కడుపుతో ఉండగా గ్రహణం చూసిందని చుట్టాలు తేల్చేశారు. మెదడు రెండు సగాలనూ కలిపే నరాల వంతెన, అంటే కార్పస్ కలోజం, ఏర్పడనే లేదని స్కానులో తెలిసింది. రిపోర్టులో ఆ సంగతి ఒక్క వరుసలో రాసి ఇచ్చారే గాని, పిల్ల నడుస్తుందా, మాట్లాడుతుందా అంటే చెప్పే నాథుడు లేడు.

తరువాతి నెల జన్యు వైద్యురాలి దగ్గరకు వెళితే, ఆమె ఫిల్ములు పక్కన పెట్టి నా భార్యను నోరు తెరవమన్నారు. పై పెదవి ఎత్తి చూస్తే అక్కడా అవే పొరలు, రెండు. కుడిచేతి చిటికెన వేలు పొట్టిగా, వంకరగా ఉందని పెళ్లిచూపుల్లో కూడా ఎవరమూ గమనించలేదు. అప్పటికప్పుడు పొట్ట స్కాన్ రాశారు. మూత్రపిండాలు రెండింటి నిండా నీటితిత్తులే. ఆమెకు 30 ఏళ్లకే బీపీ ఎందుకు వచ్చిందో ఆ రోజు అర్థమైంది.

దీనిని ఓఎఫ్‌డీ1 అంటారు, అంటే నోరు, ముఖం, వేళ్లు కలిసి దెబ్బతినే ఓరల్-ఫేషియల్-డిజిటల్ సిండ్రోములో మొదటి రకం. ఫ్రాన్సులో 1954లో వర్ణించిన ఈ స్థితికి మూలమైన జన్యువును 2001లో గుర్తించారు. అది ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. కణం మీద వెంట్రుకలా నిలిచే సీలియం అడుగుభాగంలో ఆ జన్యువు తయారుచేయించే ప్రోటీను పనిచేస్తుంది. గర్భంలో వేళ్లు ఎక్కడ విడాలో, అంగిలి ఎక్కడ కలవాలో, మెదడు నడిమి భాగం ఎలా అమరాలో తెలిపే సంకేతాలను కణం అందుకునేది ఆ సీలియం ద్వారానే కనుక, ముఖమూ వేళ్లూ మెదడూ కలిసి దెబ్బతినవచ్చు.

మాది మేనరికం. "మేనరికం చేసుకుంటే ఇంతే" అన్నవారు తక్కువేమీ కాదు. మేనరికం ముప్పు తెచ్చేది తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒకే లోపం బిడ్డకు చేరినప్పుడు. ఈ కోవలోని కొన్ని ఇతర రకాలు అలాగే వస్తాయి. ఓఎఫ్‌డీ1కు మాత్రం జన్యువు రెండు నకళ్లలో ఒక్కటి పాడైనా చాలు, దేశాంతరం నుంచి అల్లుణ్ణి తెచ్చినా ఇదే జరిగేది. ఈ లోపం ఉన్న మగపిండాలు సాధారణంగా గర్భంలో నిలవవు. మా అత్తయ్యకు పోయిన రెండు గర్భాలూ మగపిల్లలేనేమోనని నా అనుమానం, పరీక్ష ఏదీ లేదు కనుక తేల్చి చెప్పలేను.

మా అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. లెక్కల్లో వెనకబడుతుంది, మాటల్లో ఎవరికీ తీసిపోదు. మీ పాపకు ఎంఆర్ఐ తీసే రోజునే తల్లికి కూడా పొట్ట స్కాను, బీపీ పరీక్ష చేయించండి. మా ఇంట్లో స్కాను తీసింది పిల్లకు, రోజూ మాత్ర వేసుకుంటున్నది తల్లి.