పిల్లల బండి కొనే ముందు ఇంటి గుమ్మం చూసుకోండి

ప్రశ్న: అక్కా, మాది గాజువాక. మా ఆయనకి ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల బయల్దేరుతున్నాం. బాబుకి రెండేళ్లు నిండాయి. నాకిప్పుడు ఐదో నెల. డాబాగార్డెన్స్‌లో ఒక షాపులో ఇద్దరు పిల్లలు పట్టే స్ట్రోలర్ చూశాం. ఇక్కడే కొని పట్టుకెళ్లిపొమ్మని అత్తయ్య అంటున్నారు. అసలు బండెందుకు, ఎత్తుకుంటే చాలదా అని అమ్మ. అక్కడివి చూస్తే ప్రామ్, పుష్‌చెయిర్, ట్రావెల్ సిస్టమ్ అని రకరకాలున్నాయి. కాన్పుకి అమ్మ వస్తుంది. ఏది కొనమంటావు?

జవాబు: చెల్లీ, విశాఖలో మాత్రం కొనకండి. బేరం బాగున్నా సరే. మీరు దిగబోయే ఇల్లు మీరింకా చూడలేదు కదా, ఏ బండి కొనాలో తేల్చేది ఆ ఇల్లే. నేను పెదవాల్తేరులో పుట్టి పెరిగి లీడ్స్‌లో స్థిరపడ్డదాన్ని. మోజుపడి కొన్న పెద్ద బండి ఇంట్లో అడ్డమై, చివరికి ఎవరికో ఇచ్చేసిన మనవాళ్లని చాలామందిని చూశాను.

గాజువాకలో మీ అపార్టుమెంటుకి లిఫ్టు ఉంటుంది, కింద సెల్లార్ ఉంటుంది, బండి అక్కడ వదిలేస్తే వాచ్‌మన్ చూసుకుంటాడు. లీడ్స్‌లో కొత్తగా వెళ్లినవాళ్లకి ఎక్కువగా దొరికేవి ఎర్ర ఇటుకల వరస ఇళ్లు. వీధిలోంచి గుమ్మానికి రెండు మూడు మెట్లు ఎక్కాలి. తలుపు తియ్యగానే సన్నటి నడవా, దాని పక్కనుంచే పైకి మెట్లు. బండి నడవాలో పెడితే మనిషి గోడకి ఒరుసుకుంటూ వెళ్లాలి. ఫ్లాట్ అయితే లిఫ్టు లేని రెండో అంతస్తు కావచ్చు. మెట్ల దగ్గర వదులుదామంటే, నిప్పంటుకుంటే దారికి అడ్డమని ఇంటి ఓనర్లు చాలాచోట్ల ఒప్పుకోరు. లోపలి తలుపు రెక్క వెడల్పు మామూలుగా 76 సెంటీమీటర్లు, పాత ఇళ్లలో ఇంకా తక్కువ కూడా ఉంటుంది. పిల్లలు పక్కపక్కన కూర్చునే జంట బండ్లు చాలావరకు 70 దాటి ఉంటాయి. దూరుతుందో లేదో గాజువాకలో కూర్చుని ఎలా చెప్తాం?

ఎత్తుకుంటే చాలదా అన్న అమ్మ మాటకి వస్తాను. విశాఖలో అయితే నిజంగానే చాలు. ఆటో గుమ్మం ముందుకొస్తుంది. పిన్ని, పక్కింటి మామ్మ, ఎవరో ఒకరు చెయ్యి అందిస్తారు. మూడో నెల దాకా బాలింతని గడప దాటనివ్వరు. లీడ్స్‌లో అలా కుదరదు. మొదటి రోజుల్లో మిడ్‌వైఫ్ (కాన్పులు చూసే నర్సు) ఇంటికొచ్చి చూస్తుంది గానీ, పుట్టిన 42 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ చేయించాలి, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య జీపీ (మన ఫ్యామిలీ డాక్టర్ లాంటివారు) దగ్గర చెకప్, ఎనిమిదో వారంలో మొదటి టీకాలు, తర్వాత పన్నెండో వారం, పదహారో వారం. ఈలోగా పెద్దవాణ్ని నర్సరీకి దింపి తీసుకురావాలి. మీ ఆయన ఆఫీసులో ఉంటారు. విజిటర్ వీసా మీద అమ్మ ఒక్కసారికి ఆరు నెలలకి మించి ఉండలేదు. ఒక చేత్తో చంటిబిడ్డ, ఇంకో చేత్తో రెండేళ్లవాడు, భుజాన సంచి, పైన వాన. పైగా లీడ్స్ కూడా మన విశాఖలాగే ఎత్తుపల్లాల ఊరు. బండి కావాలి.

ఇక రకాలు. పుట్టిన బిడ్డ వెల్లకిలా, వీపు పూర్తిగా వాలి పడుకునేది ప్రామ్, దాని తొట్టెని క్యారీకాట్ అంటారు. కూర్చోబెట్టి తోసేది పుష్‌చెయిర్, బగ్గీ అన్నా అదే. ఒకే ఫ్రేమ్ మీద క్యారీకాట్, సీటు, కార్ సీటు మూడూ మార్చుకునేలా సెట్టుగా అమ్మేది ట్రావెల్ సిస్టమ్. ఇందులో గట్టిగా పట్టుకోవాల్సిన విషయం ఒక్కటే: మొదటి ఆరు నెలలు బిడ్డ బండిలో చదునుగా పడుకోవాలి. మెడ నిలవని పసిగుడ్డుని కూర్చోబెడితే తల ముందుకి వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరి తీసుకునే దారి ఇరుకవుతుంది. కాబట్టి సీటు పూర్తిగా చదునుగా వాలేదో, క్యారీకాట్ ఉన్నదో చూసుకో. మీరు డాబాగార్డెన్స్‌లో చూసిన బండి సీటు సగమే వాలేదైతే, కొత్త బిడ్డకి ఆరు నెలలపాటు అది పనికిరాదు.

ట్రావెల్ సిస్టమ్ గురించి నాకున్న భయం కూడా ఇదే. షాపులో కార్ సీటుని టక్కున ఫ్రేమ్ మీద బిగించి చూపిస్తారు, ముచ్చటేస్తుంది. నిద్రపోయిన బిడ్డని కదపక్కర్లేదని అలాగే మార్కెట్టంతా తిప్పుతారు, ఇంటికొచ్చి హాల్లో కూడా అందులోనే వదిలేస్తారు. కార్ సీటు కారు కోసం చేసింది. అందులో ఒకసారికి రెండు గంటలు మించొద్దని చెప్తారు, మొదటి వారాల్లో అయితే అరగంటే. కారు దిగాక బిడ్డని తీసి చదునుగా పడుకోబెట్టాలి. నిద్ర చెడినా పర్లేదు.

కార్ సీటు కొనాలా అంటే, కొనాలి. సొంత కారులో పిల్లలకి 12 ఏళ్లు వచ్చేదాకా, లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు దాకా, ఏది ముందైతే అంతవరకు సీటు చట్టప్రకారం తప్పనిసరి. టాక్సీకి మినహాయింపు ఉందిలే అని ఆస్పత్రి నుంచి బిడ్డని ఒళ్లో పెట్టుకుని వచ్చేవాళ్లున్నారు. చట్టం ఊరుకున్నా బ్రేకు పడితే చేతులు బిడ్డని ఆపలేవు. ఎత్తుని బట్టి అమ్మే ఐ-సైజ్ సీట్లలో 15 నెలలు దాటేదాకా బిడ్డ ముఖం వెనక్కే ఉండాలి. ముందు సీట్లో పెడితే ఎయిర్‌బ్యాగ్ ఆపెయ్యాలి. చలికాలం ఉబ్బు కోటు తీసేసి బెల్టు పెట్టి, పైన దుప్పటి కప్పండి. కోటు మీద బెల్టు బిగుతుగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ లోపల వదులుగా ఉంటుంది.

జంట బండి సంగతి. చిన్నది పుట్టేసరికి మీవాడికి రెండేళ్లు దాటి నాలుగైదు నెలలు. అప్పటికి నడుస్తాడు, పరిగెడతాడు, కాసేపటికి అలిసి రోడ్డు మీద కూలబడతాడు. ఈ కాసేపటి కోసం అంత పెద్ద బండి అక్కర్లేదని నా అభిప్రాయం. ఒంటి బండి వెనక తగిలించే చక్రాల పలక ఉంటుంది, బగ్గీ బోర్డు అంటారు. పెద్దవాడు దాని మీద నిలబడతాడు. చాలావాటికి 20 కిలోల దాకా పరిమితి. మీరు కొనే బండికి అది పడుతుందో లేదో ముందే అడగండి. ఇంకో దారి, చిన్నదాన్ని బట్ట క్యారియర్‌లో గుండెకి కట్టుకుని, బండి పెద్దవాడికి ఇవ్వడం. కట్టుకున్నప్పుడు బిడ్డ ముఖం నీకు కనిపిస్తూ ఉండాలి, తల వంచితే నుదుటి మీద ముద్దు పెట్టేంత ఎత్తులో ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు. కవలలైతేనో, ఇద్దరికీ ఏడాది తేడానే అయితేనో జంట బండి తీసుకోమనేదాన్ని. అప్పుడు కూడా ఇరుకు గుమ్మాలకీ బస్సులకీ ఒకరి వెనక ఒకరు కూర్చునేదే మేలు.

బస్సు అన్నాను కాబట్టి ఇది గుర్తుపెట్టుకో. లీడ్స్‌లో మెట్రో లేదు, కారు కొనేదాకా బస్సే దిక్కు. బస్సులో బండి పెట్టుకునే ఖాళీ అసలు వీల్‌చెయిర్ కోసం ఉంచిన చోటు. 2012లో వెదర్బీ నుంచి లీడ్స్ వచ్చే బస్సులో, బండిలో బిడ్డ నిద్రపోతున్నాడని, బండి మడవదని ఒక తల్లి జరగలేదు. డగ్ పాలీ అనే వీల్‌చెయిర్ ప్రయాణికుడు ఆ బస్సు ఎక్కలేకపోయారు. ఆ కేసు బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డ్రైవర్ ఊరికే ఒకసారి అడిగి వదిలేస్తే చాలదని 2017లో తీర్పొచ్చింది. వీల్‌చెయిర్ వస్తే మనం జరగాలి, అవసరమైతే బిడ్డని ఎత్తుకుని బండి మడవాలి. అందుకే షాపులో బండి తోసి చూడటం కాదు, ఒక చేత్తో మడిచి చూడు. రెండో చేత్తో మీవాణ్ని ఎత్తుకుని ప్రయత్నించు. రాకపోతే ఆ బండి వద్దు.

అమ్మని కూడా లెక్కలో వేసుకో. ఆ నెలల్లో బండి ఎక్కువగా తోసేది ఆవిడే. మీ ఆయనకి సరిపడే హ్యాండిల్ అమ్మకి భుజాల దగ్గరకొస్తుంది, ఎత్తు మార్చుకునే హ్యాండిల్ చూడు. బ్రేకు కాలితో కిందికి నొక్కేదైతే వెయ్యడం, తియ్యడం రెండూ తేలిక. కొన్నిటికి బొటనవేలితో పైకి ఎత్తాలి, చెప్పులేసుకున్న కాలికి అది నొప్పి. హ్యాండిల్‌కి కూరల సంచులు తగిలించొద్దని అమ్మకి మరీమరీ చెప్పు. లీడ్స్‌లోని కిర్క్‌గేట్ మార్కెట్‌లో ఉల్లిపాయలు, బంగాళదుంపలు కొని తగిలిస్తే, బిడ్డని ఎత్తిన క్షణంలో బండి వెనక్కి పడిపోతుంది. బిడ్డ అందులో ఉండగా కూడా పడొచ్చు. బరువంతా కింద బుట్టలోనే.

అమ్మ ప్రేమగా పెట్టెలో సర్దే వస్తువులు కొన్నుంటాయి, వాటి గురించి ఇప్పుడే మాట్లాడుకోండి. పాత చీరలతో కుట్టిన బొంత కాళ్ల మీద కప్పడానికి బంగారం, బిడ్డ కింద పరుపుగా మాత్రం వద్దు. కింద చదునైన గట్టి పరుపే ఉండాలి. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు బండిలోనూ వద్దు, మంచం మీదా వద్దు. ఏడాదిలోపు పిల్లలకి ఏ దిండూ వద్దనే అక్కడి ఆస్పత్రులు చెప్తాయి. దిష్టికి కట్టే నల్లతాడు బండి గొడుగు నుంచి వేలాడదియ్యకండి, మెడకి చుట్టుకోవచ్చు. దిష్టిచుక్క పెట్టుకోండి, హాయిగా.

డబ్బు విషయం. కొత్త ట్రావెల్ సిస్టమ్‌లు వెయ్యి పౌండ్లు దాటినవి కూడా ఉన్నాయి. కొత్తగా వెళ్లినవాళ్లకి ఇంటి అడ్వాన్సు, కౌన్సిల్ టాక్స్ (మన ఇంటి పన్ను లాంటిది), హీటింగ్ బిల్లు అన్నీ ఒకేసారి మీద పడతాయి. పిల్లలున్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే చైల్డ్ బెనిఫిట్ సొమ్ము ప్రభుత్వ సాయం కింద లెక్క, వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకి అది రాదు. అందుకని బండి సెకండ్‌హ్యాండ్‌దే తీసుకోమంటాను, ఇందులో నామోషీ ఏమీ లేదు. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో, చారిటీ షాపుల్లో, తల్లిదండ్రులకి సాయపడే ఎన్‌సీటీ అనే చారిటీ వాళ్లు పెట్టే సెకండ్‌హ్యాండ్ అమ్మకాల్లో మంచి బండ్లు దొరుకుతాయి. వెళ్లి స్వయంగా చూడండి. బ్రేకు వేసి వాలు మీద వదిలి చూడండి. విప్పాక లాక్ గట్టిగా పడుతుందా, అయిదు పట్టీల బెల్టు బకిల్ జారకుండా నిలుస్తుందా, చక్రాలు వదులుగా ఊగుతున్నాయా, ఫ్రేమ్‌కి పగులుందా అని చూడండి. ఈఎన్ 1888 అన్న భద్రతా ప్రమాణం గుర్తు ఉండాలి. సీటు ఎన్ని కిలోల దాకానో చదవండి. కొన్ని 15 కిలోలతో ఆగిపోతాయి, కొన్ని 22 దాకా వస్తాయి. మీవాడు కూడా కూర్చోవాలంటే రెండోదే కావాలి. క్యారీకాట్ పరుపు మాత్రం కొత్తది కొనండి. కార్ సీటు కూడా కొత్తదే. ఒకసారి యాక్సిడెంట్ అయిన సీటుకి పైకి ఏమీ కనిపించకపోవచ్చు. బండి మీద 20 శాతం వ్యాట్ ఉన్నా, కార్ సీట్ల మీద 5 శాతమే.

వాన కవరు బండితోపాటు అడిగి తీసుకోండి. లీడ్స్‌లో అది లేకుండా గడవదు. బస్సు ఎక్కగానే, షాపులోకి వెళ్లగానే తీసెయ్యాలి, ప్లాస్టిక్ లోపల గాలాడదు.

ఏడాది తర్వాత పిల్లల్ని తీసుకుని విశాఖ వస్తారు కదా, అప్పుడు ఆ పెద్ద బండి మోసుకురాకండి. హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో విమానం మారాలి, ఇద్దరు పిల్లలతో. గొడుగులా మడిచే తేలికపాటి బగ్గీ అప్పుడు కొనుక్కోండి, చిన్నది కూర్చునే వయసుకి వచ్చేస్తుంది. ఆ రకం బండి పుట్టిందే ఇలాంటి అవసరంలోంచి. విమానాలకి చక్రాల భాగం డిజైన్ చేసిన ఓవెన్ మెక్లారెన్ అనే ఇంజినీరు, మాస్కో నుంచి మనవరాలితో వచ్చిన కూతురు బరువైన బండితో పడే అవస్థ చూసి, అల్యూమినియం గొట్టాలతో మడిచే బండి తయారుచేశారు, 1965లో పేటెంట్‌కి పెట్టారు. బండిని విమానం తలుపు దాకా తోసుకెళ్లనిస్తారా, మారే చోట తిరిగి చేతికిస్తారా అన్నది చెక్-ఇన్ కౌంటర్‌లోనే అడగండి, ఎయిర్‌లైన్‌ని బట్టి మారుతుంది.

విశాఖలో దాన్ని ఆర్కే బీచ్ ఫుట్‌పాత్ మీద, కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం వైపు సాయంత్రం పూట హాయిగా తోసుకోవచ్చు. పూర్ణా మార్కెట్‌కీ సింహాచలానికీ మాత్రం ఎత్తుకోవడమే. ఎండ పడుతోందని గొడుగు మీద నుంచి తువ్వాలో చున్నీయో కప్పకండి, పల్చటి బట్ట కప్పినా లోపల గాలి ఆగి బిడ్డ ఉడికిపోతుంది. నీడ చూసుకుని నడవండి, ముఖం కనిపించేలా ఉంచండి. బీచ్ నుంచి వచ్చాక చక్రాలు, మడత కీళ్లు మంచినీళ్లతో కడిగి, తుడిచి, ఆరాకే మడవండి. ఉప్పుగాలికి మన ఊళ్లో ఇనుప గ్రిల్సే ఆగవు, బండి స్క్రూలు ఎంతసేపు!