ముందు ఆమె పని చూపించు

అమ్మాయీ,

నీ కథ అందింది. వాక్యం బాగా రాస్తావు, అందులో అనుమానం లేదు. కానీ ఆరో పేజీకి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది.

అమెరికాలో, న్యూ మెక్సికోలో జూని అనే ఆదివాసీ తెగవాళ్ళ ఊళ్ళో, 1885లో జరిగే కథ. మగబిడ్డగా పుట్టి ఆడవాళ్ళ బట్టల్లో బతికే మనిషి చీకట్లో కూచుని "నేను టూ స్పిరిట్‌ని" అని కుమిలిపోతుంది. ఆడా మగా రెండు ఆత్మలూ ఉన్న మనిషి అనే ఆ మాట 1990లో కెనడాలోని విన్నిపెగ్‌లో జరిగిన సమావేశంలో ఆదివాసులు తమకోసం పెట్టుకున్నది. వందేళ్ళ ముందు దాన్ని ఆమె నోట్లో ఎలా పెట్టావు? ఆ వెనకే అర్ధనారీశ్వరుడు. ఆయన్ని అంత దూరం తీసుకెళ్ళడం దేనికి? చివరికి పెద్దలు ఊళ్ళోంచి వెళ్ళగొడతారు, ఆమె కొండ మీంచి దూకుతుంది.

ఇంత కథలో ఆమె ఒక్క పనీ చెయ్యలేదు. నా అసలు కోపం దానిమీదే.

నువ్వు ఎవర్ని చూసి రాశావో తెలుస్తూనే ఉంది. వీవా. ఆ కాలంలో నిజంగా బతికిన జూని మనిషి. మగబిడ్డగా పుట్టి ఆడవాళ్ళలా బతికేవాళ్ళని జూనీలు లమానా అనేవారు. వీవా నేత నేసేది, కుండలు చేసేది, రెండింట్లోనూ చెయ్యి తిరిగిన మనిషి. మెటిల్డా కాక్స్ స్టీవెన్సన్ అనే పరిశోధకురాలు భర్తతో కలిసి ఆమె వెంట కుండల మట్టికి కొండెక్కి, చూసింది చూసినట్టు రాసిపెట్టింది. దారిలో రాళ్ళగుట్ట దగ్గర వీవా చిన్న రాయి తీసి, ఉమ్మేసి, తలచుట్టూ తిప్పి భుజం మీదుగా గుట్టమీదికి విసిరింది. దిగేటప్పుడు బరువుకి ఒంట్లో బలం తగ్గకూడదని. దుప్పటి అంచు చింపి తల్లిరాయికి సమర్పించింది. మట్టి దగ్గర పడగానే వీవా ఆ భర్తని అక్కడే ఆగమంది, మగవాళ్ళు అటు రారని. స్టీవెన్సన్‌ని మాట్లాడొద్దంది, మాట్లాడితే కుండలు కాల్చేటప్పుడు పగుళ్ళు పడతాయని. తవ్విన ప్రతి పెళ్ళా వేళ్ళమధ్య నలిపి చూసి, పదింట తొమ్మిది పారేసింది. మిగిలిన దాదాపు 70 కిలోల మట్టిని దుప్పట్లో మూటకట్టి, కొసలు నుదుటికి కట్టుకుని, బరువే లేనట్టు దిగింది.

మగవాళ్ళు రాకూడని చోటికి తను మామూలుగా నడిచి వెళ్ళింది. ఊరు ఆమెని ఏమనుకునేదో చెప్పడానికి అది చాలదూ? నువ్వు రెండు పేజీల ఏడుపు రాశావు.

ఈ ఏడుపు పిచ్చి నీ ఒక్కదానిది కాదులే. సంపాదకులు అలవాటు చేశారు. మా నాన్న చీరాల దగ్గర నేతగాడు. భార్య పోయిన నేతగాడి మీద నేనొక కథ రాశాను. ఇంట్లో ఆడవాళ్ళు చేసే పని, కండెలు చుట్టడం, అతను తనే మొదలుపెడతాడు. దారం తెగుతుంది, ముడేస్తాడు, మళ్ళీ తెగుతుంది. ఓ పెద్ద పత్రిక ఆ పేరా మొత్తం కొట్టేసి, ఫోటో ముందు ఏడ్చే ముక్క మాత్రం ఉంచింది. పైగా 'హృదయాన్ని కదిలించే కథ' అని శీర్షిక కింద అచ్చేశారు! ఇప్పుడు 'అస్తిత్వ ప్రత్యేక సంచిక' అంటూ అడిగేవాళ్ళూ అంతే, పేజీకింత కన్నీళ్ళు కొలిచి తీసుకుంటారు.

ఇక వెళ్ళగొట్టడం. జూనీలు వీవాని వెళ్ళగొట్టలేదు. 1896లో ఆమె పోతే అది తెగకే పెద్ద దెబ్బ అనుకున్నారు. అమెరికాలోనే క్రో అనే ఇంకో తెగలో ఓష్‌టిష్ అలాంటి మనిషే, 1876లో రోజ్‌బడ్ యుద్ధంలో పోరాడింది. తర్వాత అలాంటివాళ్ళ జుట్టు కత్తిరించి, మగబట్టలు తొడిగించింది అమెరికా ప్రభుత్వ ఏజెంటు. అతన్ని తమ నేల విడిచి పొమ్మన్నది తెగ పెద్ద ప్రెట్టీ ఈగిల్ అని క్రోలు చెప్పుకుంటారు. అన్ని తెగలూ ఒకేలా ఉండేవని కాదు, వందల తెగలు. కానీ నువ్వు రాస్తున్నది జూనీల గురించి. పరాయి సర్కారు చేసిన పాపం వాళ్ళ పెద్దల నెత్తిన రుద్దకు.

పోటీకి పంపమంటావా, పుస్తకం వేస్తే ఎవరు కొంటారు అని అడిగావు. ముందు కథ కుదరనీ. 1886లో వీవా నెలల తరబడి వాషింగ్టన్‌లో ఉంది, అధ్యక్షుడు క్లీవ్‌లాండ్‌ని కలిసింది. అక్కడి మ్యూజియంలో మగ్గం పెట్టుకుని జనం ముందు నేసింది. అక్కడి దొరసానులు ఆమెని ఆడమనిషే అనుకున్నారు. నీ కొండని తీసేసి అక్కణ్ణించి మొదలుపెట్టు. సంక్రాంతిలోగా పంపు, ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, కళ్ళు లాగుతున్నాయి.