తండ్రిని కోల్పోయిన ఏడేళ్ళ బాబు ఏడవడం లేదు, ఆడుకుంటున్నాడు. కౌన్సెలింగ్‌కు తీసుకెళ్ళాలా?

మీ అన్నయ్య రోడ్డు ప్రమాదంలో పోయి మూడు నెలలైందని, ఆ రోజు బాబును పక్కింట్లో ఉంచి, "నాన్న పని మీద దూరం వెళ్ళాడు" అని చెప్పారని రాశారు. పగలంతా మామూలుగా ఆడుకుంటున్నాడని, రాత్రి మాత్రం తల్లి కొంగు వదలడం లేదని, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైందని కూడా రాశారు. నేను గుంటూరు ప్రాంతంలో చాలా ఏళ్ళుగా పిల్లల కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలు ఎక్కువ. ఆ అనుభవంతో చెబుతున్నాను: కౌన్సెలింగ్ సంగతి తరువాత ఆలోచించవచ్చు, ముందు బాబుకు నిజం చెప్పాలి. ఇంటిల్లిపాదీ దాస్తున్న విషయాన్ని బయటి మనిషిగా నేను ఆ పిల్లవాడితో మాట్లాడలేను. మాట్లాడకుండా చేసే సాయం ఏదీ ఎక్కువ దూరం వెళ్ళదు.

బాబుకు ఏమీ తెలియదని మీరు నమ్ముతున్నారు. నాకు అలా అనిపించడం లేదు. తల్లి నుదుట బొట్టు లేకపోవడం, గోడ మీది ఫోటోకు దండ పడడం, తను గదిలోకి రాగానే పెద్దల మాటలు ఆగిపోవడం ఏడేళ్ళ పిల్లవాడు గమనించకుండా ఉండడు. నాన్న గురించి అడిగితే ఇంట్లో అందరి ముఖాలూ మారిపోతున్నాయని గ్రహించి అడగడం మానేసి ఉంటాడు. రాత్రి కొంగు పట్టుకోవడంలో ఆ అడగని ప్రశ్నే ఉందని నేను అనుకుంటాను.

నిజం చెప్పవలసింది తల్లి. మీ వదినగారికి ఒంటరిగా ధైర్యం చాలకపోతే, మేనత్తగా మీరు పక్కన కూర్చోండి. పడుకునే వేళ, బడికి బయలుదేరే వేళ కాకుండా, ఆ తరువాత చాలాసేపు ఇంట్లోనే కలిసి ఉండగలిగే పగటి పూట ఎంచుకోండి. మాటలు తక్కువగా, సూటిగా ఉండాలి: "నాన్నకు రోడ్డు మీద ప్రమాదం జరిగింది. చాలా పెద్ద దెబ్బలు తగిలాయి. నాన్న శరీరం పనిచేయడం ఆగిపోయింది. నాన్న చనిపోయాడు, ఇక తిరిగి రాడు. దూరం వెళ్ళాడని నీకు చెప్పాం, అది నిజం కాదు. నీకు ఎలా చెప్పాలో మాకు తెలియక అలా అన్నాం." ఈ చివరి రెండు వాక్యాలను దయచేసి వదిలేయకండి. ఇకపై ఇంట్లోవాళ్ళ మాట నమ్మవచ్చా అన్నది ఆ బాబుకు వాటితోనే తేలుతుంది. విని ఏడవవచ్చు, ఏమీ అనకుండా ఆడుకోవడానికి వెళ్ళిపోవచ్చు, అదే ప్రశ్న వారం తరువాత మళ్ళీ అడగవచ్చు. అడిగిన ప్రతిసారీ అదే జవాబు, అదే మాటలతో చెప్పండి.

"దేవుడు తీసుకెళ్ళాడు", "చుక్కయ్యాడు", "నిద్రలోనే వెళ్ళిపోయాడు" వంటి మాటలతో మాత్రం మొదలుపెట్టవద్దు. మీ ఇంటి నమ్మకాలను నేను కాదనడం లేదు. చావు అంటే ఏమిటో తెలిశాక ఆ నమ్మకం పిల్లలకు ఊరటే ఇస్తుంది, ముందే చెబితే భయపెడుతుంది. గుండెపోటుతో తండ్రి పోయిన ఒక పాపను నిద్ర పట్టడం లేదని నా దగ్గరకు తీసుకువచ్చారు. పలకరింపుకు వచ్చిన బంధువులంతా "పుణ్యాత్ముడు, నిద్రలోనే పోయాడు" అనుకోవడం ఆ పాప విన్నది. అప్పటినుంచి అర్ధరాత్రి లేచి, తల్లి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూ కూర్చునేది. మందులేవీ వాడకుండానే, నాన్న గుండెకు వచ్చిన జబ్బు ఏమిటో, రోజూ మనం పోయే నిద్ర అది ఎందుకు కాదో తల్లే వివరంగా చెప్పాక నెమ్మదిగా ఆ కాపలా తగ్గింది.

పిల్లలకు చావు ఎంతవరకు అర్థమవుతుందన్నది పాత ప్రశ్నే. హంగరీకి చెందిన మనస్తత్వవేత్త మారియా నాగీ బుడాపెస్ట్ పరిసరాల్లోని పిల్లలతో మాట్లాడి, బొమ్మలు గీయించి, 1948లో ప్రచురించిన అధ్యయనంలో, అయిదేళ్ళలోపు పిల్లలు చావును ప్రయాణంగానో నిద్రగానో భావిస్తారని రాశారు. చనిపోయినవారు తిరిగి రారని, వారి శరీరం ఇక ఏ పనీ చేయదని, ప్రాణమున్న ప్రతిదీ ఎప్పటికో ఒకప్పటికి చనిపోతుందని చాలామంది పిల్లలు అయిదు, ఏడేళ్ళ మధ్య గ్రహిస్తారని తరువాతి పరిశోధకులు తేల్చారు. మీ మేనల్లుడు సరిగ్గా ఆ వయసులో ఉన్నాడు. అంటే నిజాన్ని అర్థం చేసుకోగలడు. "దూరం వెళ్ళాడు" అన్నప్పుడు, వస్తాడని ఎదురుచూడనూ గలడు.

ఏడవకుండా ఆడుకోవడం గురించి మీ అమ్మగారు బాధపడుతున్నారని రాశారు. పెద్దల దుఃఖం రోజుల తరబడి విడవకుండా ఉంటుంది; పిల్లల దుఃఖం చినుకుల్లా పడి ఆగుతుంది, మళ్ళీ పడుతుంది. పది నిమిషాలు ఏడ్చి, వెంటనే "ఇడ్లీ పెట్టవా" అని అడిగే పిల్లలను ఎంతోమందిని చూశాను. వారిలో ప్రేమ తక్కువై కాదు, అంతకంటే ఎక్కువసేపు భరించే శక్తి ఆ వయసుకు లేక. ఇంటర్నెట్‌లో కనిపించే, దుఃఖానికి అయిదు దశలుంటాయనే పట్టికను పట్టుకొని బాబు ఏ దశలో ఉన్నాడని వెతకవద్దు. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ఆ దశలను మరణానికి దగ్గరవుతున్న రోగులతో మాట్లాడి చెప్పారు, తండ్రిని కోల్పోయిన పిల్లలను చూసి కాదు.

నిజం తెలిశాక ఈ వయసు పిల్లల మనసులో సాధారణంగా మూడు భయాలుంటాయి: ఇది నా వల్లే జరిగిందా, అమ్మ కూడా పోతుందా, నన్ను ఎవరు చూసుకుంటారు. మొదటి భయాన్ని పిల్లలు దాదాపు ఎప్పుడూ పైకి చెప్పరు. నాన్న ఏదో కొనితేవడానికి బయటికి వెళ్ళినప్పుడు ప్రమాదం జరిగితే, "నేను అడక్కపోతే వెళ్ళేవాడు కాదు" అని ఏళ్ళ తరబడి మోసిన పిల్లలున్నారు. కాబట్టి అడిగేదాకా ఆగకుండా, నువ్వు అన్న మాట వల్ల గానీ చేసిన అల్లరి వల్ల గానీ ఇది జరగలేదని మీరే చెప్పండి. రెండో భయానికి "నేను ఎప్పటికీ చనిపోను" అని తల్లి మాట ఇవ్వకూడదు. "నేను ఆరోగ్యంగా ఉన్నాను, చాలా ఏళ్ళు నీతో ఉండాలని జాగ్రత్తగా ఉంటాను" అనడం నిజం, అది సరిపోతుంది. మూడోదానికి పేర్లు కావాలి: నాకు జ్వరం వస్తే అత్త చూస్తుంది, బడి నుంచి తాతయ్య తీసుకువస్తాడు అని తెలిస్తే పిల్లలు కుదుటపడతారు.

మన ఇళ్ళలో జరిగే కర్మకాండల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన పిల్లల్లో చాలామందికి లోతైన దెబ్బ ఇక్కడే తగిలింది. కొడుకన్న కారణంతో ఆరేడేళ్ళ పిల్లవాడి చేత, ఏం జరుగుతోందో ఒక్క మాట చెప్పకుండా, తలకొరివి పెట్టిస్తారు. పదో రోజున తల్లి గాజులు తీసేటప్పుడు ఆమె ఏడుపును తలుపు చాటు నుంచి పిల్లలు చూస్తారు. అమ్మను అందరూ కలిసి ఏదో చేస్తున్నారని మాత్రమే వారికి అర్థమవుతుంది. ఆ తంతు అసలు అవసరమే లేదన్నది నా అభిప్రాయం, పిల్లల కళ్ళ ముందు జరగడం క్రూరమని కూడా అంటాను. మరోవైపు, మీరు చేసినట్టు పిల్లవాడిని పూర్తిగా దూరంగా ఉంచితే వీడ్కోలు చెప్పే అవకాశమే పోతుంది. పెద్దలు ఏం జరగబోతోందో ముందే చెప్పి, ఇష్టమైతేనే ఉండనిచ్చి, తనకు బాగా చేరువైన ఒకరు చేయి పట్టుకొని ఉంటే, పిల్లలకు అక్కడ ఉండడం హాని కాదు.

ఇప్పుడు కూడా ఆలస్యం కాలేదు. అస్థికలు కలిపిన చోటికి బాబును ఒకసారి తీసుకువెళ్ళండి, అక్కడ ఏం చేశారో చెప్పండి. "కాలిస్తే నాన్నకు నొప్పి పుట్టలేదా?" అని తప్పక అడుగుతాడు, దాదాపు ప్రతి పిల్లవాడూ అడుగుతాడు. శరీరం పనిచేయడం ఆగిపోయాక నొప్పి, వేడి, ఆకలి ఏవీ తెలియవని చెప్పండి. ఇక "ఇంటికి ఇప్పుడు నువ్వే మగదిక్కు, అమ్మను నువ్వే చూసుకోవాలి" అనే బంధువులను మీరు గట్టిగా వారించాలి. ఆ మాట నమ్మిన పిల్లలు ఏడవడం మానేస్తారు, పెద్దలు దాన్ని ధైర్యమని మెచ్చుకుంటారు.

కౌన్సెలింగ్‌కు తీసుకెళితే అక్కడ ఏం జరుగుతుందో కూడా తెలుసుకోండి. "నీకు బాధగా ఉందా?" అని ఎదురుగా కూర్చోబెట్టి అడగడం ఈ పనిలో చాలా తక్కువ. నా గదిలో బొమ్మలు, రంగులు, మట్టి, ఇసుక ట్రే ఉంటాయి. పిల్లవాడు బొమ్మ కారును ఇరవైసార్లు గోడకు కొట్టి, ఇరవయ్యొకటోసారి అంబులెన్సును పిలుస్తాడు. నేను ఆపను, అర్థం చెప్పను, "అంబులెన్సు వచ్చింది" అని మాత్రం అంటాను. నాన్న చొక్కా, పెన్ను, ఫోటోలు పెట్టుకునే పెట్టె ఒకటి చేయిస్తాను. ఇది ఇంట్లో మీరూ చేయవచ్చు. బడిలో టీచరుకు విషయం చెప్పండి, అయితే ఆ సంగతి తరగతిలో ప్రకటించవద్దని కూడా చెప్పండి.

నిజం చెప్పిన తరువాత కొన్ని వారాల్లో రాత్రి భయం, పక్క తడపడం తగ్గాలి. ముందుగా పిల్లల డాక్టరుకు చూపించి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వంటిదేమీ లేదని నిర్ధారించుకోండి. అవి తగ్గకపోయినా, తిండి మానేసినా, బడికి పోనన్నా, ఆరు నెలలు దాటినా దుఃఖం రోజువారీ జీవితాన్ని సాగనివ్వకపోయినా నిపుణుల దగ్గరకు వెళ్ళాలి. "నాన్న దగ్గరకు వెళ్ళిపోతాను" అని పదే పదే అంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు. 14416 నంబరులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ ఉచితంగా, ఇరవై నాలుగు గంటలూ, తెలుగులో కూడా మాట్లాడుతుంది. హైదరాబాదు ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లలకు ప్రత్యేక విభాగమే ఉంది. ప్రైవేటుగా వెళితే, క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉందో లేదో, పిల్లలతో పనిచేసిన అనుభవం ఉందో లేదో మొహమాటపడకుండా అడగండి.

మీ ప్రశ్నలో మీ వదినగారి గురించి ఒక్క వాక్యమే ఉంది: "ఆమె తినడం లేదు, ఎవరితోనూ మాట్లాడడం లేదు." అమెరికాలో విలియం వర్డెన్, ఫిలిస్ సిల్వర్‌మన్ అనే పరిశోధకులు తల్లినో తండ్రినో కోల్పోయిన పిల్లలను రెండేళ్ళపాటు గమనించినప్పుడు, మిగిలిన తల్లి లేక తండ్రి ఎలా నిలదొక్కుకున్నారన్న దాన్నిబట్టే ఆ పిల్లలు కోలుకోవడం ఎక్కువగా ఉందని తేలింది. నేను ఇక్కడ చూస్తున్నదీ అదే. బాబు కోసం అపాయింట్‌మెంట్ వెతికే ముందు, ఈ వారంలోనే ఆమె కోసం 14416కు ఫోన్ చేయండి, ఆమె మాట్లాడుతున్నంతసేపూ బాబును మీ దగ్గర ఉంచుకోండి.